కుర్చీ వేసిన జాగా

అక్టోబరు నుంచీ ప్రతి మంగళవారం, గురువారం మా ఇంటి ముందు ఒక బూడిదరంగు కారు వచ్చి ఆగేది. పొద్దున్న తొమ్మిదికి కాస్త ముందు వచ్చేది, సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళిపోయేది. లోపల ఒక మనిషి స్టీరింగుకు లాప్‌టాప్ ఆనించుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, కనబడని వాళ్ళతో చేతులు తిప్పుతూ మాట్లాడేవాడు. కొత్తవాడైతే మొదటిరోజే పోలీసులకు ఫోను కొట్టేదాన్ని. కానీ ఆ మనిషి పందొమ్మిదేళ్ళు నా నెత్తిమీద నడిచినవాడు. నెత్తిమీద అంటే మా పై అంతస్తులో. అడుగుల చప్పుడు విని వాడికి జలుబు చేసిందో, పెళ్ళాంతో మాట పట్టింపు వచ్చిందో చెప్పేసేదాన్ని.

పేరు ఎలిసెయో బర్రగాన్. నలభై ఎనిమిదేళ్ళు. షికాగో నడిబొడ్డున ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం. కార్లు గుద్దుకున్నవాళ్ళ గోడు మొత్తం ఫోనులో విని, తప్పెవరిదో తేల్చాలి. కంపెనీవాళ్ళు ఆఫీసుకు రానక్కర్లేదు, ఎక్కడ కూర్చుని చేసినా సరే అన్నారు. అన్నారు గనుక పోయిన జూన్‌లో నలభై మైళ్ళ అవతల, ఫాక్స్ గ్లెన్ అనే చోట ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఎక్కడ కూర్చుని చేసినా సరే అన్నారు గనుకే, వారానికి రెండుసార్లు ఆ నలభై మైళ్ళూ వెనక్కి వచ్చి మా ఇంటి ముందు కారులో కూర్చుని చేస్తున్నాడు.

నగరాలన్నీ ఖాళీ అయిపోతాయా, జనమంతా ఊరి బయటికి పోతారా అని టీవీలో పెద్దమనుషులు టైలు కట్టుకుని వాదించుకుంటూ ఉంటారు. నాకు తెలిసింది ఒక్క ఇల్లే, ఖాళీ అయింది ఆ ఇంటి పై అంతస్తే. అయినా నేను ఆ కారును చూసీ చూడనట్టు మూడు నెలలు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, వాడు అలా రావడం నాకు ఇష్టంగా ఉండేది. అదే నా తప్పు. ముందే ఒప్పుకుంటున్నాను, తరువాత ఎవరూ నన్ను పట్టుకుని అడగకుండా.

ఎలిసెయో పుట్టింది ఇరవయ్యారో వీధిలో, వాళ్ళ నాన్న టైర్ల కొట్టు వెనక ఉన్న రెండు గదుల్లో. ఐదుగురు పిల్లలు. తనకంటూ ఒక గది, ఆ గదికి ఒక తలుపు వాడు ఎరగడు. పక్కనే టైర్లలోంచి గాలి బుస్సున పోతుంటే, ఇద్దరు తమ్ముళ్ళు వీపుమీద ఎక్కి తొక్కుతుంటే పాఠాలు చదువుకున్నాడు. డిగ్రీ సగం బస్సులో, సగం లాండ్రీలో పూర్తిచేశాడు. అందుకే చుట్టూ గోల ఉంటే గాని వాడి బుర్ర పనిచెయ్యదు. నిశ్శబ్దంగా ఉంటే ఏదో కొంప మునిగిందనుకుంటాడు.

పందొమ్మిదేళ్ళ కిందట డిసెంబరులో, కొత్త పెళ్ళాం నోయెమీతో మా పై అంతస్తులో దిగాడు. ఆ వారమే మోకాటిలోతు మంచు కురిసింది. మా వీధిలో ఇళ్ళు ఒకదానికొకటి భుజాలు ఆనించుకుని ఉంటాయి, గ్యారేజీలు లేవు, కార్లన్నీ రోడ్డు అంచునే. మంచు పడితే ఎవరి కారు వాళ్ళు తవ్వి బయటికి తియ్యాలి. తవ్వినవాడిదే ఆ జాగా. వాడు రెండు గంటలు తవ్వాడు. తవ్వి, ఆ జాగాలో ఒక అట్టపెట్టె పెట్టి పనికి పోయాడు. గాలికి ఆ పెట్టె ఏ వీధికి పోయిందో! సాయంత్రం వచ్చేసరికి అక్కడ ఇంకెవరి కారో ఉంది. పారమీద గడ్డం ఆనించి ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు మా ఆయన వీటస్ బతికే ఉన్నాడు. వసారాలోంచి చూసి పడీపడీ నవ్వి, లోపలికి వచ్చి మా వంటింటి బల్ల దగ్గరి నాలుగు కుర్చీల్లో ఒకటి పట్టుకెళ్ళాడు. ఆకుపచ్చ రంగు చెక్క కుర్చీ. ఒక కాలు విరిగితే ఆయనే ఇనప తీగ చుట్టి బిగించాడు.

"పెట్టె కాదోయ్, కుర్చీ వెయ్యాలి," అన్నాడు వీటస్. "పెట్టెని చూస్తే చెత్తనుకుంటారు. కుర్చీని చూస్తే, ఇందులో కూర్చునేవాడు మళ్ళీ వస్తాడని అర్థం. ఉంచుకో. ఇక నువ్వు ఈ వీధివాడివి."

ఆ కుర్చీ పందొమ్మిది చలికాలాలు ఎలిసెయో జాగా కాచింది. మా వీధిలో ఒకరు వేసిన కుర్చీని ఇంకొకరు కదపరు. పోలీసు కదపడు, పాస్టరు కదపడు. కదిపినవాడి కారు టైర్లకు మర్నాడు ఏమవుతుందో అందరికీ తెలుసు, ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ కిందట వీటస్ పోయినప్పుడు శవపేటిక మోసినవాళ్ళలో ఎలిసెయో కూడా ఉన్నాడు.

మరి అంత అలవాటైనవాడు ఎందుకు పోయాడంటే, నోయెమీ కోసం. ఆమెది ఆసుపత్రులకు ఫోనులో అనువాదం చేసే పని. డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది స్పానిష్‌లో రోగికి చెప్పాలి, రోగి ఏడుపు ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పాలి. ఇద్దరి పనీ ఇంటికి చేరాక, పైన ఉన్న ఒక్క వంటగది బల్లకు అటు ఆమె, ఇటు వీడు. ఒకరోజు ఎవరో ముసలామె తన కారు బంపరు సంగతి వీడితో మాట్లాడుతోంది. అదే సమయానికి నోయెమీ, "గడ్డ బాగా ముదిరిందమ్మా, ఆపరేషన్ తప్పదు," అంది. అవతల ముసలామెకూ స్పానిష్ వచ్చు. కెవ్వున అరిచి ఫోను కింద పడేసింది. ఆ అరుపు నాకు కింద వినిపించింది.

ఆ రోజునుంచీ నోయెమీ స్నానాలగదిలోకి మారింది. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, తొట్టి అంచున కూర్చుని, రెండేళ్ళు జనానికి వాళ్ళ రోగాలు చెప్పింది. ఆమె ఒక్కమాట సణగలేదు. ఒకరోజు మాత్రం మెట్లమీద నాకు ఎదురుపడి, "నాకొక తలుపు కావాలి డోన్యా," అంది. డోన్యా అంటే వాళ్ళలో పెద్దావిడను గౌరవంగా పిలిచే పిలుపు. నా పేరు అల్డోనా గనుక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎప్పుడూ డోన్యా అల్డోనా అనే పిలిచేవాళ్ళు.

సామాను లారీ ఎక్కిన రోజున, నోయెమీ ముందు సీట్లో కూర్చున్నాక, వీడు పరుగున వెనక్కి వచ్చాడు. ఆ ఆకుపచ్చ కుర్చీ చంకలో ఉంది.

"డోన్యా, మార్చి ఒకటిదాకా పైన ఎవర్నీ పెట్టకండి. ఒకవేళ అక్కడ నాకు కుదరకపోతే... అద్దె నేనే ఇస్తా."

"అద్దె ఎవడిక్కావాలయ్యా? ఇల్లు నాది, నా తిండికి పింఛను చాలు," అన్నాను. "నోయెమీకి తెలుసా ఈ ఏర్పాటు?"

"తర్వాత చెప్తా," అని తాళంచెవి జేబులోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు.

అలా మా పై అంతస్తు ఎనిమిది నెలలు ఖాళీగా ఉంది. ప్రతి ఆదివారం ఇఫియోమా అనే ఒక నర్సు ఆ పై అంతస్తు అద్దెకిమ్మని నాకు ఫోను చేసేది. మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో పనిచేస్తుంది. ఉండేది ఊరి బయట. రోజూ రెండు గంటలు కారులో వచ్చి, రెండు గంటలు కారులో పోతుంది. "అందరూ బయటికి పోతున్నారు కదమ్మా, నువ్వు లోపలికి వస్తానంటావేంటి?" అని అడిగితే, "రోగి కింద దుప్పటి మా ఇంట్లో కూర్చుని మార్చలేను కదండీ," అని నవ్వేది. నేను ప్రతి ఆదివారం ఇంకా తేల్చుకోలేదనే చెప్పేదాన్ని.

జనవరిలో ఒక మంగళవారం చలి ఎముకలు కొరుకుతుంటే ఇక ఉండబట్టలేక చీపురు పట్టుకుని బయటికి వెళ్ళాను. చీపురు కర్రతో కారు అద్దంమీద కొట్టాను. వాడు ఆగమన్నట్టు వేలు చూపించాడు. "లేదమ్మా, ఎర్ర లైటు పడ్డాక మీరు తిప్పారా, తిప్పాక ఎర్ర లైటు పడిందా?" అని ఎవరినో అడుగుతున్నాడు. అది తేలేదాకా నేను చలిలో నిలబడ్డాను.

"ఏమయ్యా," అన్నాను అద్దం దిగాక, "హీటరు వేసుకుని కూర్చుంటే ఇంజను పోతుంది, ఆపుకుని కూర్చుంటే నువ్వు పోతావు. లోపలికి తగలడు."

వంటింట్లోకి వచ్చాడు. చేతిలో వీధి చివరి బేకరీలో కొన్న తీపిరొట్టెల సంచి. బల్ల దగ్గర కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, పొయ్యి దగ్గరికి వచ్చాడు, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు, కాలుగాలిన పిల్లిలాగా.

"నువ్విక్కడ ఉన్నావని నోయెమీకి తెలుసా?"

వాడు సంచి బల్లమీద పెట్టాడు. "ఆఫీసుకెళ్ళాననుకుంటది."

"ఆమె అనుకుంటోందా, నువ్వు చెప్పావా?"

"చెప్పా. వారానికి రెండ్రోజులు తప్పనిసరిగా రమ్మన్నారని చెప్పా. మా అంతస్తు వేసవిలోనే ఖాళీ చేసేశారు డోన్యా, అక్కడ బల్లలు కూడా లేవు."

నాకు నవ్వు ఆగలేదు. "ఊళ్ళో జనమంతా ఆఫీసుకి రాలేమని అబద్ధాలాడి ఇంట్లో ఉంటుంటే, నువ్వు ఆఫీసుందని అబద్ధమాడి వీధిలో కూర్చున్నావా! ఎవరికైనా చెప్తే నమ్ముతారా?"

"మీరు నవ్వండి," అన్నాడు ముఖం మాడ్చుకుని. "నా బల్ల ముందు నేలమాళిగలో వేశా. మూడోరోజుకి ఊపిరాడలేదు. పై గదిలో వేశా. కిటికీలోంచి చూస్తే గడ్డి, దాని అవతల ఇంకొకళ్ళ గడ్డి. వంటింట్లో వేశా, మళ్ళీ పైకి మార్చా. కారు బయట పెట్టి గ్యారేజీలో కూడా వేశా డోన్యా! అయిదుసార్లు మార్చా. పోనీ నడుద్దామని బయల్దేరితే ఆ వీధి వంకర్లు తిరిగి తిరిగి మళ్ళీ మా గుమ్మం ముందే వదుల్తది."

"మనుషుల సంగతేంటి?"

"మంచోళ్ళే. చెయ్యూపుతారు. గ్యారేజీ తలుపు లేస్తది, కారు లోపలికి పోతది, తలుపు దిగుతది. ఇన్ని నెలల్లో ఒక్కళ్ళ కాళ్ళు చూళ్ళేదు నేను. చేతులే."

"మరి నోయెమీ?"

అప్పుడు కూర్చున్నాడు. చాలాసేపు రొట్టెను తుంచుతూనే ఉన్నాడు గాని తినలేదు.

"ఆవిడ హాయిగా ఉంది. తలుపేసుకుని పని చేస్తది, పనైపోగానే తలుపు తీసి పాడుకుంటది. పందొమ్మిదేళ్ళు కాపురం చేశా డోన్యా, ఆవిడ పాడతదని నాకు తెలీదు. ఇప్పుడెళ్ళి నాకిక్కడ కుదర్లేదు, వెనక్కి పోదామని ఏ మొహంతో చెప్పను? చెప్పకుండా ఎట్టా ఉండను?" తలెత్తి చూశాడు. "మార్చి ఒకటిలోపు తేల్చేస్తా. అప్పటిదాకా పైన అట్టాగే ఉంచండి."

ఆ క్షణంలోనే తాళంచెవి అడగాల్సింది. అడగలేదు. ఇంకో కప్పు కాఫీ పోసి, రై రొట్టె కోసి వెన్న రాసి ముందు పెట్టాను. వాడు తిరిగి వస్తే పైన మళ్ళీ అడుగుల చప్పుడు వినిపిస్తుందని నా ఆశ. నోయెమీ పాటలో నాకేం పని అనుకున్నాను. మనిషికి స్వార్థం ఎంత మెత్తగా వస్తుందో చూడండి, వెన్న రాసుకుని వస్తుంది.

ఫిబ్రవరి మొదటి సోమవారం మొదలైన మంచు మంగళవారం తెల్లవారేదాకా ఆగలేదు. లేచి చూసేసరికి కార్లు కనబడలేదు, గుట్టలు కనబడ్డాయి. ఇంత మంచులో వాడు వచ్చి ఎక్కడ ఆపుకుంటాడని నాకు దిగులు పట్టుకుంది. డెబ్భై ఒక్కేళ్ళ వయసులో, పనికిరాని తుంటితో, పార పట్టుకుని మా ఇంటి ముందు ఒక కారు పట్టేంత జాగా తవ్వాను. గంటన్నర పట్టింది. ఎదురింటివాళ్ళు నన్ను చూసి తలలు పట్టుకున్నారు. తవ్వి, వంటింట్లో మిగిలిన మూడు కుర్చీల్లో ఒకటి తెచ్చి అక్కడ వేశాను. లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. తొమ్మిదయింది, పదయింది, వాడు రాలేదు. పదకొండున్నరకు ఫోను మోగింది. నోయెమీ.

"డోన్యా అల్డోనా, మీరు కోప్పడకండి, ఇంకెవర్ని అడగాలో తెలీక మీకు చేశా," అంది. "ఈయన ఈ మంచులో ఇంటింటికీ వెళ్ళి తలుపులు కొడుతున్నాడు. కుర్చీ కోసం."

"ఏ కుర్చీ?" అన్నాను.

"మీ ఆకుపచ్చ కుర్చీయే. మాకు రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉంది డోన్యా. ఇక్కడ వీధిలో ఎవరూ కారు పెట్టరు. అయినా పొద్దున్నే లేచి, రోడ్డు అంచున ఒక కారు పట్టేంత జాగా తవ్వి, అందులో ఆ కుర్చీ వేసి, మీటింగుందని లోపలికొచ్చాడు. అయ్యాక వెళ్ళి చూస్తే కుర్చీ లేదు. ఇక్కడ రోడ్డు అంచున ఏదైనా పెట్టారంటే మాకొద్దు, కావాల్సినవాళ్ళు పట్టుకుపోండని. ఎవరో పట్టుకుపోయారు. పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుందామన్నాను. నామీద ఒంటికాలిమీద లేచాడు. 'కుర్చీ వేశారంటే ఆ మనిషి తిరిగొస్తాడని అర్థం, అది కూడా తెలీదా ఈ జనానికి?' అని అరిచాడు."

మళ్ళీ తనే అడిగింది. "తిరిగి రావడమేంటి డోన్యా? ఆయనెక్కడికి పోయాడని తిరిగి రావడానికి?"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఆఫీసుకి ఫోను చేశా. ఆ అంతస్తులో ఎవరూ లేరన్నారు. మంగళవారం, గురువారం ఆయనెక్కడుంటున్నాడో మీకు తెలుసా?"

నేను అబద్ధమాడే మనిషిని కాను. ఎవరూ అడగనిది చెప్పను, అడిగితే దాచను. "మా ఇంటి ముందు ఉంటాడమ్మా. కారులో కూర్చుని పనిచేసుకుంటాడు," అన్నాను.

"ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్తున్నాడనుకున్నా," అంది.

"ఆడదాని దగ్గరికే. దానికి డెబ్భై ఒక్కేళ్ళు, తుంటి నొప్పి కూడాను."

పకాలున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఏడుపు తగ్గాక అడిగింది. "మీ పై అంతస్తులో ఇప్పుడెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎందుకు లేరు డోన్యా?"

నా జవాబు కోసం ఆగకుండా ఆమే చెప్పింది. "రెండేళ్ళు స్నానాలగదిలో కూర్చున్నా. ఇప్పుడు నాకంటూ ఒక తలుపుంది. ఆయనకిక్కడ కష్టంగా ఉందని నాకు కనపడుతూనే ఉంది, నేను గుడ్డిదాన్ని కాదు. ఇక్కడ కుదరదని నాతో మొహంమీద చెప్తే, ఇద్దరం కూర్చుని ఏదో ఒకటి చూసుకుంటాం. కానీ మీరు ఆ ఇల్లు ఖాళీగా ఉంచినన్నాళ్ళూ ఆయనకి ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. నాతో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. నేనెవరితో కాపురం చేస్తున్నానో నాకే తెలియట్లేదు."

ఫోను పెట్టేశాక కిటికీలోంచి బయటికి చూశాను. నేను తవ్విన జాగాలో నా కుర్చీ ఒంటరిగా ఉంది. దాన్ని చూసి మొదటిసారి సిగ్గుపడ్డాను. జాగా కాస్తున్నది వాడి కోసమా, నా కోసమా?

ఆ గురువారం వాడు రాలేదు. తరువాతి మంగళవారం వచ్చాడు. కారులో కూర్చోలేదు, నేరుగా తలుపు తట్టాడు. చేతిలో పాత దుప్పటి చుట్టిన మూట. వంటింటి మధ్యలో మూట విప్పాడు. లోపల ఒక తెల్లని కుర్చీ ఉంది. కూర్చునే పలక మధ్యలో తలకాయ పట్టేంత గుండ్రటి బెజ్జం.

నాకు ముందు అర్థం కాలేదు. వంగి, కాళ్ళు తడిమి చూశాను. ఒక కాలికి విరిగినచోట చెక్క నున్నగా అంటించి ఉంది. వీటస్ చుట్టిన తీగ లేదు.

"మా ఎదురింటి ట్రూడీ అనే ఆవిడ," అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ. "మేం వద్దని పారేశామనుకుందంట. ఆదివారం వాళ్ళ గ్యారేజీ తలుపు లేచినప్పుడు చూశా. తెల్లరంగు వేసి పేపర్లమీద ఆరబెట్టింది. ఆ బెజ్జంలో పూలకుండీ దించుతారంట డోన్యా. వసంతకాలంలో గుమ్మం ముందు పెట్టుకుంటారంట."

"దాని చేతులు విరగ!" అన్నాను. "కూర్చునే కుర్చీకి కన్నం పెడుతుందా? బుద్ధున్న మనిషేనా?"

"ఆవిడా ఏడ్చింది పాపం. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి సూప్ పోసింది. వాళ్ళాయన పోయి ఏడాదే అయిందంట. రెండు గంటలు మాట్లాడింది, వదిలితే ఇంకా మాట్లాడేది. ఆ ఊళ్ళో నేను ఇంకొకళ్ళ ఇంట్లోకి వెళ్ళడం అదే మొదలు."

నేను ఆ బెజ్జంలో చెయ్యి పెట్టి నిలబడ్డాను. వీటస్ ఆ కుర్చీలో కూర్చునే ప్రతి ఉదయం బూట్లు తొడుక్కునేవాడు. ఆరేళ్ళయింది ఆయన పోయి, అయినా ఏడుపు కొత్తగా వచ్చింది. వాడు నా భుజంమీద చెయ్యి వేశాడు. వేసి, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"డోన్యా, నేను తిరిగొచ్చేస్తా. తేల్చుకున్నా. ఇవాళే నోయెమీకి చెప్పేస్తా. వారంలో నాలుగు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ. లేకపోతే పూర్తిగా ఇక్కడే. ఆవిడకి ఆ ఇల్లుంటది, తలుపుంటది. నాకిదుంటది."

ఎనిమిది నెలలుగా నేను ఎదురుచూసిన మాట అది. అది వాడి నోట వినగానే నాకు గెంతులు వెయ్యాలనిపించాలి. అనిపించలేదు. తొట్టి అంచున కూర్చున్న ఆడమనిషి కళ్ళముందు కదిలింది. వాడి మొహం చూడకుండా చెప్పాను.

"తాళంచెవి ఇలా ఇచ్చెయ్యి."

"ఎందుకు?"

"పై అంతస్తు ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఒక నర్సుకి."

వాడు నోరు వెళ్ళబెట్టాడు. "మార్చి ఒకటింకా రాలేదు కదా! మీరు మాటిచ్చారు నాకు!"

"ఇచ్చాను. ఇప్పుడు వెనక్కి తీసుకున్నాను. నా ఇల్లు, నా ఇష్టం. నీ పెళ్ళాం నాకు ఫోను చేసింది. నీకేం కావాలో ముందు వెళ్ళి ఆమెతో చెప్పు, నాతో కాదు. ఇద్దరూ కలిసి వచ్చి ఇల్లు కావాలంటే, నేనే ఈ వీధిలో ఇంకొకటి వెతికి పెడతాను. నువ్వొక్కడివే దాక్కోడానికి నా ఇల్లు లేదు."

వాడు తాళాల గుత్తి తీశాడు. అందులోంచి ఆ తాళంచెవి బయటికి రావడం కష్టమయింది. గోరు విరిగింది, "అబ్బా" అన్నాడు, మళ్ళీ లాగాడు. తాళంచెవి బల్లమీద పెట్టాడు. కాఫీ పోస్తానన్నా ఆగలేదు. గుమ్మం దాటుతూ మాత్రం, "ఆ కుర్చీ ఉంచుకోండి డోన్యా. పనికిరాదు గాని," అన్నాడు.

"జాగా కాయడానికి పలకెందుకు?" అన్నాను. వినిపించిందో లేదో.

కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఇఫియోమాకు ఫోను చేశాను. నా జన్మలో ఆడిన ఒకే ఒక్క అబద్ధాన్ని పది నిమిషాల్లో నిజం చేసుకున్నాను. మార్చి ఒకటిన ఆమె సామానుతో దిగింది. ఆమె అడుగులు వేరే రకం. గబగబా నడుస్తుంది, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా ఏమయిందోనని నేను పైకి చూసేదాన్ని. ఇప్పుడు కాలుగాలిన పిల్లిని నేను. మంగళవారాలు, గురువారాలు కిటికీకీ పొయ్యికీ మధ్య తిరిగేదాన్ని. బూడిదరంగు కారు రాలేదు. నోయెమీ దగ్గర్నుంచి కూడా ఫోను లేదు. నేను చెయ్యలేదు. తప్పు చేశానేమోనని రోజుకు పదిసార్లు అనిపించేది, పదకొండోసారి లేదనిపించేది.

మార్చి రెండోవారంలో ఆ ఏడాది ఆఖరి మంచు పడింది. ఇఫియోమా తెల్లారకముందే లేచి తన కారు తవ్వుకుంది. తవ్వి, పార వసారాలో పెట్టి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు నావైపు చూసింది. ఆమె తవ్విన జాగాలో నేను ఆ తెల్లని కుర్చీ వేశాను.

"బొక్క కుర్చీనా?" అంది ఆమె నవ్వుతూ.

"అదే. దాన్ని ఎవరూ కదపరు. ఇక నువ్వు ఈ వీధిదానివి," అన్నాను. ఆమె డ్యూటీకి వెళ్ళిపోయింది.

అది మంగళవారం. తొమ్మిదికి కాస్త ముందు బూడిదరంగు కారు వచ్చింది.

నేను తెర వెనక నిలబడ్డాను. కారు ఆ జాగా పక్కకు వచ్చి ఆగింది. వీధి మొత్తం మీద ఖాళీ జాగా అదొక్కటే. ఎలిసెయో దిగాడు. కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కచేత్తో పక్కకు జరిపితే చాలు. జరిపితే నేను తలుపు తీసి, రారా అని లోపలికి పిలిచి, ఆ తరువాత ఏమైనా కానీ అనుకునేదాన్ని. నా చెయ్యి అప్పటికే గడియమీద ఉంది.

వాడు జరపలేదు. కారులోంచి బేకరీ సంచి తెచ్చాడు. ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి కుర్చీ పలకలో ఉన్న ఆ బెజ్జంలోకి దించాడు. సంచి సరిగ్గా సరిపోయి నిలబడింది. మా కిటికీ వైపు చూశాడు. నేను కనబడ్డానో లేదో నాకు తెలియదు. కారు ఎక్కి, హారను రెండుసార్లు చిన్నగా కొట్టి, వెళ్ళిపోయాడు. ఆ మలుపు దగ్గర ఎప్పుడూ ఆలోచిస్తూ ఆగేవాడు, ఈసారి ఆగలేదు.

నేను చెప్పులతోనే మంచులోకి వెళ్ళి సంచి తీసుకున్నాను. లోపల ఆరు తీపిరొట్టెలు, అడుగున ఒక కాగితం. నోయెమీ చేతిరాత. ఆదివారం భోజనానికి రమ్మని, తీసుకువెళ్ళడానికి ఎలిసెయో వస్తాడని, ట్రూడీ కూడా వస్తోందని రాసింది. రొట్టెలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. సంచి తీస్తున్నప్పుడు కుర్చీ కాస్త పక్కకు ఒరిగింది. అది ఉన్నచోటే మళ్ళీ నిటారుగా నిలబెట్టి లోపలికి వచ్చాను.